కొండ మీద ‘మీరు’

నిన్నటి రొట్టెలు ఎండి చెక్కల్లా ఉన్నాయి. రంపపు పళ్ళ కత్తితో వాటిని చిన్న చిన్న ముక్కలుగా కోస్తున్నాను. మధ్యాహ్నం వండే ఉండల కోసం ఆ ముక్కలు పాలల్లో నానాలి. ట్రౌడల్ కాఫీ కప్పు పట్టుకుని వచ్చి, నా భుజం మీదుగా గిన్నెలోకి చూసింది.

"ఇవేం ముక్కలు? మీ స్టైరియాలో పందులకు ఇలాగే కోసి వేస్తారా?"

నేను ఇంకా సన్నగా కోయడం మొదలుపెట్టాను.

"ఇప్పుడు పొడి చేస్తున్నావు. గుమ్మడికాయలు తప్ప ఇంకేదీ కోసి ఎరగవనుకుంటా."

ట్రౌడల్‌కు యాభై ఏళ్ళు దగ్గరపడుతున్నాయి. పక్క లోయలో ఆమె ఊరు. చలికాలం వస్తే చాలు, తిరోల్ కొండ మీద ఉన్న ఈ సత్రానికి వచ్చేస్తుంది. మంచు మీద జారే ఆటకు వచ్చే అతిథులకు వడ్డిస్తుంది, ఈస్టరుకు తిరిగి వెళ్తుంది. నేను రావడం ఇదే మొదటిసారి. మా ఊళ్ళో ఆపిల్ పళ్ళు ఏరే షెడ్డు నవంబరులో మూతపడింది. అన్న పెళ్ళి చేసుకున్నాక నా గది వాళ్ళదైంది, నేను వంటింటి బెంచీ మీదికి చేరాను. "సీజన్‌కు పోతున్నాను, ఈస్టరుకు గానీ రాను" అని అందరికీ చెప్పి, అమ్మ పెట్టె పట్టుకుని బయలుదేరాను. ఇక్కడ నాకంటూ ఒక మంచం ఉంది. దాన్ని వదులుకోవడం నాకు ఇష్టం లేదు.

కానీ ఆ ఏడు మంచు రాలేదు. కొండ వాలు మీద గోధుమరంగు గడ్డే కనిపిస్తోంది. సత్రం యజమానురాలు జెన్సీ నేను వచ్చిన రోజే చెప్పింది. "క్రిస్మస్‌లోగా మంచు పడకపోతే నాకు ఒకరు చాలు. ఎవరు ఉండాలో అప్పుడు చెప్తాను."

"మీరు ఎలా చెప్తే అలాగేనమ్మా" అన్నాను.

ఆమె ముఖం గడియ పెట్టిన తలుపులా అయిపోయింది. డెబ్బై దాటిన మనిషి, అతిథుల గొడవలతో అలసిపోయి ఉంటుందిలే అనుకున్నాను.

ఆ రోజు నుంచి జెన్సీ నా ముఖం చూడలేదు. నేలమాళిగలో బంగాళాదుంపలు, బురద బూట్లు, ఉతకాల్సిన దుప్పట్లు నా వంతుకు వచ్చాయి. భోజనాల గదిలోకి నన్ను అడుగు పెట్టనిచ్చేది కాదు. ఉప్పు నా పక్కనే ఉన్నా, "ఆ పిల్లను ఉప్పు ఇటు జరపమను" అని ట్రౌడల్‌తో చెప్పేది. పని బాగా లేదేమోనని నేను అరిచేతులు పగిలేదాకా నేల తోమేదాన్ని. ఎదురుపడ్డ ప్రతిసారీ ఇంకా మర్యాదగా మాట్లాడేదాన్ని. అమ్మగారూ మీరు కూర్చోండి, అమ్మగారూ మీరు చెప్పండి అని. మాట్లాడిన కొద్దీ ఆమె దవడ బిగుసుకునేది.

రాత్రి గదిలో ట్రౌడల్ తడి మేజోళ్ళు నా మంచం తలవైపు పట్టీ మీద ఆరేసేది. నా తల మీది కిటికీ తెరిచేది. "కొండగాలి ఒంటికి మంచిది. పడకపోతే కిందికి పో" అనేది.

రొట్టెలు కోసిన ఆ మధ్యాహ్నం, క్రిస్మస్‌కు ఇంకా రెండు రోజులుందనగా, ట్రౌడల్ పై అంతస్తులో దుప్పట్లు మారుస్తోంది. భోజనాల గదిలోంచి జెన్సీ పిలిచింది. "సూప్ ఎవరైనా తెస్తారా లేదా?"

నేను తప్ప ఎవరూ లేరు. బార్లీ సూప్ గిన్నెలు పళ్ళెంలో పెట్టుకుని వెళ్ళాను. పొయ్యి పక్కన ఊరివాళ్ళ బల్ల దగ్గర, జనాన్ని కొండ మీదికి ఎక్కించే తీగబండి నడిపే మనుషులు పని లేక పేకాడుతున్నారు. జెన్సీ వాళ్ళ మధ్య కూర్చుని ఉంది. ఒక్క చుక్క ఒలకకుండా గిన్నెలు పెట్టాను. నా మీద నాకే నమ్మకం కలిగింది.

"అమ్మగారూ, మీరు ఇప్పుడే తింటారా, కాసేపాగి తెమ్మంటారా?"

బల్ల మీద పేకముక్కలు ఆగిపోయాయి. వెండెలిన్ అనే పెద్దాయన మీసాల కింద నవ్వాడు.

"ఏం జెన్సీ, నీ ఆవులు గానీ ఈ పిల్ల చేలో పడ్డాయా? నిన్ను ‘మీరు’ అంటోందేంటి?"

"పన్నులాయన కూతురేమో" అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు.

జెన్సీ నవ్వలేదు. తన గిన్నె తనే తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. వెండెలిన్ నా వైపు వంగి గొంతు తగ్గించాడు.

"నీకు ఎవరూ చెప్పలేదా, పిల్లా? కింద దారిలో ఆ ప్రార్థన గుడి మలుపు దాటి పైకొస్తే ఇక్కడ అందరూ ‘నువ్వే’. ముసలైనా పసివాడైనా, పాదిరి అయినా. పోలీసుల్నీ, మాటలు తెగిపోయిన వాళ్ళనీ మాత్రమే ‘మీరు’ అంటాం."

"మా ఊళ్ళో అమ్మమ్మని కూడా ‘మీరు’ అనే అంటాం" అన్నాను.

"మీ ఊళ్ళో సరే. తీగబండి మొదటి స్తంభం ఉన్న బీడు చూశావు కదా? అది జెన్సీకీ వాళ్ళ చెల్లెలికీ ఉమ్మడిది. చెల్లెలు తన వాటా బండివాళ్ళకు అమ్మేసింది, ఇద్దరికీ మాటలు తెగిపోయాయి. ఆ రోజు నుంచి ఎదురింట్లోనే ఉంటూ అక్కని ‘మీరు’ అంటూ వచ్చింది. చర్చిలో, దుకాణంలో, అందరి ముందూ. పోయిన ఏడు చచ్చిపోయేదాకా అదే మాట." ఆయన ముక్కలు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "ఇప్పుడు నువ్వొచ్చి పొద్దునా సాయంత్రం అదే పాట పాడుతున్నావు."

పళ్ళెం పట్టుకుని మెట్ల దగ్గరికి వెళ్ళాను. ట్రౌడల్ మాసిన దుప్పట్ల మూటతో దిగుతోంది.

"నీకు తెలుసు కదా?" అన్నాను.

ఏమిటని ఆమె అడగలేదు. "తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"ఎందుకు చెప్పాలి? నీకు కాళ్ళున్నాయి, ఎక్కడికైనా పోయి బతుకుతావు. నా మోకాళ్ళు చూశావా? కొత్తచోట ఎవరు తీసుకుంటారు నన్ను?" మూట నా చేతిలోకి తోసింది. "ఉతుకు. అదే నీ పని."

మూటను మెట్ల మీదే వదిలేసి వంటింట్లోకి వెళ్ళాను. జెన్సీ నిలబడే సూప్ తాగుతోంది. ట్రౌడల్ నా వెనకే వచ్చింది.

"జెన్సీ" అన్నాను. పేరు పెట్టి పిలవడానికి నాలుక తిరగలేదు, అయినా పిలిచాను. "నీకు కోపం తెప్పించాలని అలా అనలేదు. మా ఊళ్ళో పెద్దవాళ్ళని అలాగే అంటాం. ఇక్కడ పద్ధతి నాకు ఎవరూ చెప్పలేదు."

జెన్సీ చెంచా ఆగింది. నేను వచ్చాక మొదటిసారి నా కళ్ళలోకి చూసింది. తర్వాత నా వెనక్కి చూసింది.

"ట్రౌడల్, నువ్వు చెప్పానన్నావు. మొదటి రోజే చెప్పాను, పొగరుతో వినడం లేదు అన్నావు."

ట్రౌడల్ చేతులు ఏప్రనుకు తుడుచుకుంది. చేతులు తడిగా లేవు.

"అన్నాను" అంది.

వంటింట్లో ఉండల కోసం పెట్టిన నీళ్ళు మరుగుతున్నాయి. ఇక నా మంచం నాదేనని అనుకున్నాను. జెన్సీ కిటికీలోంచి గడ్డి వాలును చూసింది.

"ట్రౌడల్ ఉంటుంది" అంది చివరికి. "నువ్వు సాయంత్రం బస్సుకి వెళ్ళు."

"ఆవిడ నీతో అబద్ధం చెప్పింది."

"చెప్పింది. అయినా భోజనాల గది నిండిపోయిన రోజున ఆమె ఏం చేయగలదో నాకు తెలుసు. నీ సంగతి తెలీదు."

"నువ్వు చూడనిస్తే కదా తెలిసేది. నేలమాళిగలోకి తోశావు."

"నీ నోట ‘మీరు’ అని విన్నప్పుడల్లా నాకు ముద్ద దిగలేదు. ఇప్పుడు నువ్వు ‘నువ్వు’ అంటున్నా నా చెవికి అదే వినిపిస్తోంది. నేనేం చేయను? నాకు వద్దు. వెళ్ళు."

ట్రౌడల్ గిన్నె మూత సర్దింది. ఆమె ముఖంలో సంతోషం కూడా లేదు, నేను ఎప్పుడు కదులుతానా అని చూస్తోందంతే. వంటింటి బెంచీ గుర్తొచ్చింది నాకు. అప్పుడే వచ్చేశావేమని వదిన అడగబోయే ప్రశ్న గుర్తొచ్చింది.

"నీ చెల్లెలు చచ్చేదాకా ఎందుకు మెత్తబడలేదో ఇప్పుడు తెలిసింది" అన్నాను. గొంతు పెంచలేదు. "మెత్తబడి వచ్చినా నువ్వు రానిచ్చేదానివి కాదు."

"నోరు ముయ్యి, పిల్లా" అంది ట్రౌడల్.

జెన్సీ గిన్నె బల్ల మీద పెట్టింది. ఏప్రను ముడి విప్పడానికి వేళ్ళు వెనక్కి పోయాయి, ముడి రాలేదు, అలాగే వదిలేసింది. పొయ్యి దగ్గరున్న బూట్లలో కాళ్ళు దూర్చింది, లేసులు కట్టుకోలేదు. భోజనాల గదిలోంచి ఎవరో రొట్టె కోసం కేకేశారు. ఆమె శాలువ భుజాన వేసుకుని, మా ఇద్దరి మధ్య నుంచి నడిచి, పెరటి తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది.