పన్నెండు పాయింట్ నాలుగు

ఆ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ఒక అంకె ఏళ్ల తరబడి చేతులు మారుతూ వస్తోంది: పన్నెండు పాయింట్ నాలుగు. రెండో ఏడాది ప్రాక్టికల్ పరీక్షలో ఇచ్చే ఆమ్లం గాఢత ఎప్పుడూ ఒక్కటే. అందుకని బ్యూరెట్‌లోంచి ఎంత క్షారం దిగితే రంగు మారుతుందో సీనియర్లు ముందే జూనియర్ల చెవిన వేసి పోతారు. పిల్లలు ముందు అంకె రాసేసుకుని, రంగు సంగతి తర్వాత తీరిగ్గా చూసుకుంటారు. చదువు బాగానే సాగుతోంది!

ఆ ఆమ్లం కలిపే అటెండరు కూతురు కూడా ఆ క్లాసులోనే ఉంది. ఆ పిల్ల మాత్రం మొండిది. ఎన్నిసార్లయినా చేసి చూసి, వచ్చిందే రాసేది. "మా నాన్న కలిపింది నేనే కొలవకపోతే ఎలా?" అనేది.

ఇరవై ఆరేళ్లుగా ఆ ల్యాబే ఆ అటెండరు లోకం. ఈ మధ్య కళ్లజోడున్నా చూపు మందగించింది. పోయిన నెల రెండు సీసాల చీటీలు తారుమారు చేశాడు. డిపార్ట్‌మెంట్ హెడ్డు అందరి ముందూ నిలబెట్టి, "ఇంకొక్క పొరపాటు జరిగిందా, ఇక ఇంటికే" అన్నాడు. కూతురు అక్కడే ఉంది. తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి నాన్న గ్లాసులో నీళ్లు పోస్తున్నా ఆమె చూపు ఆయన చేతి మీదే ఉంటోంది.

పరీక్షనాడు ఆమె ఫ్లాస్కు తిప్పుతూ చుక్క చుక్కగా క్షారం వదిలింది. లేత గులాబీ రంగు వచ్చి నిలిచింది. తొమ్మిది పాయింట్ ఎనిమిది. అన్నీ కడిగి మళ్లీ చేసింది. అంతే. మూడోసారీ అంతే. అయ్యో నాన్నా, తూకం తప్పావా!

పక్క బల్ల దగ్గర, నోరు మూతపడని స్నేహితురాలు, అందరూ 'రేడియో' అని పిలిచే పిల్ల, మెడ చాచింది.

"ఎంతొచ్చిందే?"

"ఇంకా చూస్తున్నా."

"చూడ్డమేంటే, రాసెయ్!"

నలభై పుస్తకాల్లో పాత అంకే ఉంటే ఎవరికీ అనుమానం రాదు. ఒక్క పుస్తకంలో తేడా వచ్చినా, పరీక్ష పెడుతున్న మేడమ్ ఆ ఆమ్లం సీసా తెప్పిస్తుంది. తెప్పిస్తే నాన్న పని అయిపోయినట్టే. ఆమె పెన్ను తీసి పన్నెండు పాయింట్ నాలుగు అని రాసింది. నిజంలా కనబడాలని మధ్యలో ఒకచోట పన్నెండు పాయింట్ అయిదు కూడా రాసింది. జీవితంలో మొదటిసారి రాసిన అబద్ధం, అందులోనూ ఎంత జాగ్రత్త! సిగ్గుతో చెవులు మండాయి. అయినా కొట్టెయ్యలేదు.

మేడమ్ పుస్తకాలన్నీ తిరగేసి కళ్లజోడు బల్ల మీద పెట్టింది.

"ఈసారి ఆమ్లం కావాలనే పలచగా కలిపించాను. రావాల్సింది తొమ్మిది పాయింట్ ఎనిమిది. ఒక్కరంటే ఒక్కరు రాయలేదు. అందరూ వచ్చే నెల మళ్లీ పరీక్షకి రండి."

ఆమె తల తిప్పి నాన్న కోసం చూసింది. అలమార దగ్గర నిలబడ్డ నాన్న ఆమె వైపు చూడలేదు.

అందరూ వెళ్లాక తొట్టి దగ్గర బ్యూరెట్లు కడుగుతున్న ఆయన పక్కకి వచ్చి నిలబడింది.

"ఎవరికీ చెప్పొద్దన్నారమ్మా మేడమ్" అన్నాడాయన. "నీకు చెప్పాల్సిన పనే లేదనుకున్నా. ఒక్క పుస్తకంలో మాత్రం సరైన అంకె ఉంటుంది, చూడండి అని ఆవిడతో గొప్పగా చెప్పుకున్నా."

"నాకు అదే వచ్చింది నాన్నా. మూడుసార్లూ అదే వచ్చింది."

"మరెందుకు రాయలేదు?"

ఆమె చూపు, వద్దనుకుంటూనే, ఆయన కళ్లజోడు మీదికి పోయింది. ఆయన చేతులు ఆగిపోయాయి. పంపు నీళ్లు ఊరికే పోతున్నాయి.

"మూడుసార్లు తూచానమ్మా" అన్నాడు. "పక్కన మేడమ్‌ని నిలబెట్టుకుని మరీ తూచాను."

"మేడమ్‌కి చెప్తాను నాన్నా. ఇప్పుడే వెళ్లి జరిగింది చెప్పేస్తాను."

"ఏమని చెప్తావు?" అన్నాడాయన పంపు కట్టేస్తూ. "మా నాన్నకి కళ్లు కనబడవనుకున్నానని చెప్తావా?"