పలకని రాయికి పాట

రాయి కొనేముందు బ్రహ్మయ్య దాన్ని సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి చెవి వంచుతాడు. గంటలా మోగితే మంచి రాయి. మోత మధ్యలోనే అణిగిపోతే లోపల పగులున్నట్టు. నలభై ఏళ్లలో ఆ చెవి ఒక్కసారి కూడా తప్పలేదని దుర్గిలో శిల్పం పనివాళ్లందరూ ఒప్పుకుంటారు. ఎవరైనా ఆ మాట ఎదురుగా అంటే మాత్రం ఇప్పుడు బ్రహ్మయ్యకు ఒళ్లు మండుతుంది. భార్య అలివేలమ్మ పోయి రెండేళ్లయింది. అప్పటి నుంచి ఆ చెవి మీద ఆయనకు గౌరవం లేదు.

ఆదివారం పొద్దున సింధు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని పాకలోకి వచ్చింది. ఒక్కతే కూతురు. నరసరావుపేటలో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతోంది.

"నాన్నా, కాసేపు నీ చెవి కావాలి."

"చెవా? దాన్ని కోసుకుపో. నాకేం పనికొచ్చింది గనక."

సింధుకు ఇలాంటి మాటలు అలవాటే. పీట లాక్కుని కూర్చుంది.

"నేనొక గేమ్ చేశాను. నాలాగా సరదాకు చేసేవాళ్లకు పోటీ పెట్టారు. సాయంత్రం ఆరింటిలోపు పంపాలి. అంతా అయిపోయింది గానీ, చివరి గదికి మ్యూజిక్ కుదరట్లేదు."

బ్రహ్మయ్య ఉలి కింద పెట్టి తెర వైపు చూశాడు. ఊరు. ఊళ్లో జనమంతా రాళ్లైపోయి ఉన్నారు. చేతిలో చిన్న సుత్తితో ఒక పిల్ల తిరుగుతోంది. ఒక్కో బొమ్మనూ కొడుతోంది. మోగిన బొమ్మ లేచి నడిచి వెళ్లిపోతోంది. ఆ పిల్ల కొట్టాక తనలాగే చెవి వంచడం బ్రహ్మయ్య చూశాడు.

"చివరి గదిలో ఏముంది?"

"అమ్మ. ఎన్నిసార్లు కొట్టినా పలకదు."

బ్రహ్మయ్య ముఖం తిప్పుకున్నాడు. "ఊఁ, వినిపించు."

మొదటిది వయొలిన్. పది సెకన్లు వినేసరికి ఆయన చెయ్యెత్తాడు.

"తీసెయ్. ఏడువు, ఏడువు అని నెత్తినెక్కి కూర్చుంటంది."

రెండోది పిల్లనగ్రోవి.

"ఇది బ్యాంకోళ్లకు ఫోన్ చేస్తే మనల్ని ఆపి వినిపించే ముక్క. తల్లి ముందర నిలబడ్డ పిల్లకు ఇదేందే?"

మూడోది సన్నాయి. అది మొదలైందో లేదో పక్కింటి హజ్రా బీ గోడ మీద నుంచి తొంగి చూసింది.

"ఏంది బ్రహ్మయ్యన్నా, పొద్దున్నే సన్నాయి? పిల్లకు సంబంధం కుదిరిందా ఏంది, మాకు చెప్పకుండా?"

"నీకు చెప్పకపోతే బిర్యానీ ఎవరు వండుతారు పిన్నీ?" అంది సింధు. "గేముకు పాట ఎతుకుతున్నా. రాయైపోయిన అమ్మ దగ్గర రావాలి."

"ఏదన్నా మంచి సినిమా పాట పెట్టరాదూ?"

"అవి పెట్టకూడదు పిన్నీ. అడక్కుండా వాడుకోమని ఇచ్చినవే పెట్టాలి. లేకపోతే మన సొంతదై ఉండాలి."

హజ్రా బీ నవ్వు ఆగిపోయింది. "సొంతదంటే మీ అమ్మ ఉండేది గదమ్మా. రాయి రుద్దుకుంటా ఎంత బాగా పాడేది! పాట ఆగితే మా ఇంట్లో చేతిపని ఆగేది." ఇంకేదో అనబోయి, బ్రహ్మయ్యను చూసి, తల దించేసుకుని లోపలికి వెళ్లిపోయింది.

సింధు తెర వంక చూస్తూ కూర్చుంది. తలెత్తలేదు.

"ఏందే?" అన్నాడు బ్రహ్మయ్య.

"నా దగ్గరుంది నాన్నా. అమ్మ పాట. ఒకసారి సెలవులకొచ్చినప్పుడు ఫోన్‌లో తీశాను."

"రెండేళ్లు దాచావా?"

"నువ్వు ఫొటోనే గోడకు పెట్టనియ్యలేదు. పాట వింటానంటావా?"

బ్రహ్మయ్య తెర దగ్గరకు జరిగాడు. "పెట్టు," అన్నాడు.

ముందు రాయి మీద రాయి రుద్దుతున్న చప్పుడు. తర్వాత గొంతు. మాటలు సరిగా తెలియడం లేదు. ఏదో మిరపకోతల పాట, సగం పాడి సగం కూనిరాగం తీస్తోంది. వెనక ఎక్కడో ఆయన ఉలి. పాటకు తాళం వేస్తున్నట్టే పడుతోంది. ఆ సంగతి ఆయనకు ఆనాడు తెలియదు. అర నిమిషం సాగి, పాట మళ్లీ మొదటికి వచ్చింది.

"మళ్లీ మొదలైందేంది?"

"గేముల్లో అట్టాగే తిప్పుతారు. ఆడేవాళ్లు గదిలో ఎంతసేపు ఉంటారో మనకు తెలియదు గదా. చివర తెచ్చి మొదటికి అతికిస్తాం."

బ్రహ్మయ్య రెండోసారి విన్నాడు. మూడోసారి చెవి వంచాడు.

"అతుకు కాడ పగులుంది."

"లేదు నాన్నా, బాగానే కలిసింది."

"నాకు చెప్పమాక. అక్కడ ఏదో కోసేశావు. కోసింది పెట్టు."

"అది వద్దులే."

"పెట్టవే!"

సింధు పెట్టింది. పాట అర నిమిషం దాటింది. అక్కడ దగ్గు వచ్చింది. ఒకటి, వెంటనే మరొకటి, అడుగు నుంచి తోడినట్టు. ఉలి ఆగింది. మగగొంతు విసుగ్గా పలికింది.

"ఏమే, కాసేపు ఆ దగ్గు ఆపవే. రాయి మాట వినపడనియ్యి."

"ఆపానులే, ఆపాను," అంది అలివేలమ్మ, చిన్నగా నవ్వి. దగ్గును మింగిన చప్పుడు కూడా తెలుస్తోంది. సుత్తి పడింది. రాయి ఖంగుమంది. మగగొంతు ఈసారి సంబరపడింది.

"చానా మంచి రాయి. లోపలేం లేదు."

రికార్డింగ్ అక్కడితో అయిపోయింది.

ఆ రాయి నందిగా మారి గురజాల దారిలో ఒక గుడికి చేరింది. మరుసటేడు నరసరావుపేటలో డాక్టరు ఎక్స్‌రేను వెలుగుకు ఎత్తి పట్టుకుని, ఊపిరితిత్తుల నిండా రాతి దుమ్మేనన్నాడు. ఎన్నాళ్ల నుంచి దగ్గుతోందని అడిగాడు. ఈమధ్యనే అని చెప్పాడు బ్రహ్మయ్య. అబద్ధం చెప్పాలని చెప్పలేదు. నిజంగానే ఆయనకు తెలియదు. ఇరవై ఏళ్లు మూరెడు దూరంలో కూర్చుని ఆమె దుమ్ము దులిపింది, రాయి రుద్దింది. ఆయన చెవి రాళ్ల దగ్గరే ఉండిపోయింది.

"అందుకే తీసేశాను," అంది సింధు. "పోనీ, పాటే వద్దు. వయొలిన్ పెట్టేస్తా."

"అది పెట్టమాక. అది అబద్ధం." అన్నాడు బ్రహ్మయ్య. "మీ అమ్మ పాట ఎన్నిసార్లు తిరుగుద్ది?"

"గదిలో ఎంతసేపుంటే అంతసేపు."

"అట్టా వద్దు. ఒక్కసారే రావాల. పాట, దగ్గు, నా కూత, అన్నీ. ఏదీ కొయ్యమాక."

"ఆ తర్వాత?"

"తర్వాత ఏముంది? ఉలి చప్పుడు. దాన్ని తిప్పుకో, ఎంతసేపన్నా."

సింధు కళ్లు తుడుచుకుంది. "ఆడేవాళ్లు నిన్ను తిట్టుకుంటారు నాన్నా."

"తిట్టుకోనీ."

"అయినా సగం మందికి తెలుగే రాదులే."

"దగ్గుకు తెలుగెందుకే?"

పాత రికార్డింగ్‌లో ఉలి ఒక్కటే విడిగా దొరకదని, మళ్లీ తీయాలని సింధు చెప్పింది. బ్రహ్మయ్య లేచి సగం చెక్కిన ఆంజనేయుడి ముందు కూర్చున్నాడు. పక్కన గోనెపట్టా మడతపెట్టి ఉంది. దాని మీద అరిగిపోయిన రుద్దుడు రాయి. రెండేళ్లుగా ఆయన దాన్ని కదపలేదు, ఎవరినీ కదపనివ్వలేదు.

"ఎంతసేపు కొట్టాల?"

"ఒక్క నిమిషం చాలు."

సింధు ఫోన్ పట్టుకుంది. ఆయన కొట్టసాగాడు. వెనక పాట లేదు. చెయ్యి ఒకటి రెండు చోట్ల తడబడి, తనంతట తానే నడక పట్టుకుంది. కాసేపటికి, ఎవరూ చెప్పకుండానే, అలవాటు కొద్దీ ఉలి పక్కన పెట్టి సుత్తితో రాయిని ఒక్కటి కొట్టి చెవి వంచాడు.

రాయి మోగింది. మోత సన్నబడి, ఇంకా సన్నబడి, చివరిదాకా వినపడింది. ఎవరూ దగ్గలేదు.

బ్రహ్మయ్య చెవి వంచినవాడు వంచినట్టే ఉండిపోయాడు. బయట రోడ్డు మీద దాచేపల్లి సిమెంటు లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"నాన్నా," అంది సింధు, ఫోన్ దించకుండా. "లారీ చప్పుడు పడింది. మళ్లీ కొట్టాలి."

ఆయన ఉలి తీసుకున్నాడు.