పదికి పది వచ్చిన బ్యాట్

దిల్‌సుఖ్‌నగర్‌లో మా కాలనీ సంఘానికి అధ్యక్షుడు బాపిరాజు గారు. ఆయన ఇంటి కింది పోర్షన్‌లోనే మేం కిరాయికి ఉంటున్నాం. పక్క గల్లీలో ఎవరిదో స్కూటర్ పోయిందని, సంఘం తరఫున బేస్‌బాల్ బ్యాట్లు కొనాలని పెద్దమనుషులు తీర్మానం చేశారు. ఆడటానికి కాదు లెండి, కార్ల డిక్కీల్లో దాచుకోవడానికి. ఈ ఊళ్లో ఆ బ్యాట్లకున్న గిరాకీ చూస్తే సందుకో జట్టు ఉండాలి. బంతి కావాలని మాత్రం ఒక్కడూ అడగడు.

మా అమ్మాయి రెబెక్క నిజంగానే ఆ ఆట ఆడుతుంది. ఆదివారం పొద్దున రాష్ట్ర జట్టుకు సెలక్షన్. ఏడాదంతా ఆ ఒక్క పూట కోసమే ఎండలో మాడింది. సరిగ్గా శుక్రవారం బాపిరాజు గారు వచ్చి, "శాంపిల్ చూసి ఇచ్చేస్తానండీ" అని దాని అల్యూమినియం బ్యాట్ పట్టుకెళ్లారు. మా ఆయన యెహెజ్కేలు ఇచ్చి పంపాడు. ఓనర్ అడిగితే ఆ మనిషి ప్రాణమైనా ఇస్తాడు, బ్యాట్ ఒక లెక్కా!

నేను పని నుంచి వచ్చేసరికి మెట్ల దగ్గర బ్యాట్లకు పరీక్ష జరుగుతోంది. కుర్చీలు, టీ గ్లాసులు, పెద్దరికం అన్నీ సిద్ధం. మెట్టు మీద కొబ్బరికాయ పెట్టి, ఒక్కో బ్యాటుతో కొట్టి మార్కులు వేస్తున్నారు.

"దొంగ బుర్రయినా, కొబ్బరికాయైనా ఒకటేనండీ!" అంటున్నారు బాపిరాజు గారు. ఎన్ని బుర్రలు పగలగొట్టి తేల్చారో మరి! రోకలిబండంత లావున్న బ్యాటుకు పదికి పది వేశారు. తరువాత రెబెక్క బ్యాట్ ఎత్తి కొట్టారు. కాయ జారింది, దెబ్బ రాతి మెట్టుకు తగిలింది. బ్యాటుకు బొటనవేలు పట్టేంత సొట్ట పడింది.

"వట్టి రేకు డబ్బా అండీ, దీనికి రెండు చాలు" అన్నారాయన. అందరూ నవ్వారు. బంతిని కొట్టేదాన్ని బండకేసి బాది, అది వంగిందని మార్కులు కోశారు మహానుభావులు!

సొట్ట పడ్డ బ్యాటుతో సెలక్షన్‌లో ఆడనివ్వరు. రెబెక్క ఏడుపు చూసి బాపిరాజు గారు మెత్తబడ్డారు. "ఊరుకోమ్మా, నా పదికి పది బ్యాట్ ఇస్తాను. కార్లో నేనే దింపుతాను." వేరే దారి లేక సరేనన్నాం.

ఆదివారం నేనూ రెబెక్కా ఆయన కార్లో బయల్దేరాం. ఎల్బీనగర్ చౌరస్తాలో పోలీసులు బండ్లు ఆపి చూస్తున్నారు. కానిస్టేబుల్ మా డిక్కీ తెరిచాడు. సంఘం కొన్న బ్యాట్లన్నీ అందులోనే ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో కుంకుమ బొట్టుతో.

"ఏంది సార్ గివి?"

"బేస్‌బాల్ అండీ. స్పోర్ట్స్."

"మరి బాల్ ఏది?"

బాపిరాజు గారు వెనక్కి తిరిగి, "అమ్మాయ్, మన బాల్ చూపించమ్మా" అన్నారు.

రెబెక్క సంచిలోంచి బంతినీ, సొట్ట బ్యాటునూ తీసింది. "సార్, గీ బాల్ నాది, గీ బ్యాట్ నాది. సెలక్షన్‌కు పోతున్న, టైమ్ అయితుంది. డిక్కీల ఉన్నవి అంకుల్‌వి. గాయన ఎన్నడు బాల్ కొట్టలే, కొబ్బరికాయలే కొడ్తడు."

కానిస్టేబుల్ మీసం కింద నవ్వుకున్నాడు. "నువ్వు పో బిడ్డా. సార్, మీరు జర బండి పక్కకు పెట్టుండ్రి."

ఇల్లు ఖాళీ చేయమంటే చేస్తాం, పోనీ, అనుకుని నేనూ దిగాను. ఆటో ఎక్కి గ్రౌండ్‌కు ఉరికాం. తన్మయి అని, దానితో ఆడే పిల్ల, తన బ్యాట్ ఇచ్చింది.

"మస్తు అల్కగున్నది మమ్మీ," అంది రెబెక్క దాన్ని ఊపి చూసి. "మన కాలనీల అయితే దీనికి సున్నానే."

మొదటి బంతి తప్పిపోయింది. అప్పుడే ఫోన్ మోగింది, బాపిరాజు గారు.

"పుష్పలత గారూ, నన్ను స్టేషన్‌లో కూర్చోబెట్టారండీ! ఆటకేనంటే నమ్మట్లేదు. ఒక్క బాల్ పట్టుకొచ్చి చూపించండమ్మా, మీకు పుణ్యముంటుంది."

అంతలో బ్యాట్ టంగుమని మోగింది. బంతి మా తలల మీదుగా లేచి గోడ దాటిపోయింది. సెలక్టర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"మా బిడ్డ బాల్ ఇప్పుడే గోడ అవుతల పడ్డది సార్," అన్నాను. "దేవులాడనీకి టైమ్ పడ్తది. అందాక మీరు గా పోలీసోళ్లకు కొబ్బరికాయ కొట్టి చూపియ్యుండ్రి."