ప్రోకుల పేరు మీద పత్రం

ఊళ్ళో ప్రతివాళ్ళూ దేవతల ముందు సాంబ్రాణి వేసి, వేసినట్టు పత్రం తెచ్చుకోవాలని చక్రవర్తి ఆజ్ఞ వచ్చిన ఏడు, రొట్టెల కొట్టు విబియస్ రెండు పత్రాలు తెచ్చాడు. ఒకటి తనకి, ఒకటి భార్య ప్రోకులకి. ఆమె క్రీస్తును నమ్ముకున్న మనిషి. చచ్చినా సాంబ్రాణి వెయ్యదని అతనికి తెలుసు. అందుకని పత్రాలు రాసే గుమాస్తా చేతిలో నాలుగు వేడి రొట్టెలు పెట్టి, ఆమె వచ్చి వేసినట్టే రాయించాడు. భార్య ప్రాణం దక్కించుకున్నానన్న తృప్తితో ఆ రోజు కొట్టు పెందలాడే కట్టేశాడు.

పత్రం చూసి ఆమె తిట్టలేదు. "నన్ను పట్టుకుపోతే గంజి కాచిపెట్టేవాళ్ళుండరని భయపడ్డావా ఏమయ్యా?" అంది.

"అవును మరి. నేను కాచింది కుక్కలైనా ముట్టవు."

నవ్వింది. అంతటితో అయిపోయిందనుకున్నాడు.

ఏడాది తిరిగింది. ప్రోకుల జ్వరంతో మంచం పట్టింది. చూడ్డానికి ఆమె సంఘంలోని దోనాత అవ్వ నాలుగంతస్తులు ఎక్కి వచ్చింది. ప్రోకుల మగతలో "రొట్టె" అని కలవరిస్తోంది. విబియస్ అప్పుడే కాల్చిన రొట్టె పాలల్లో నానబెట్టి అందిస్తే మొహం తిప్పుకుంది.

"నీ రొట్టె కాదు నాయనా, మా ప్రార్థనలో పంచేది," అంది అవ్వ. "ఏడాదైంది దీనికి ఆ ముక్క దక్కి. పత్రం ఉందంటే సాంబ్రాణి వేసినట్టే లెక్క, అలాంటివాళ్ళు గుమ్మం బయటే నిలబడాలి. తన పేరున పత్రముందని తనే వచ్చి చెప్పుకుంది, పిచ్చిది."

"తను సాంబ్రాణి వెయ్యలేదే."

"మరి పత్రం ఎలా వచ్చిందని మా పెద్దాయన పదిసార్లు అడిగాడు. నోరు విప్పితేనా? వానలో కూడా బయటే నిలబడేది."

వాన పడిన ఆదివారాలు ఆమె తడిసి ముద్దయి వచ్చేది. మీ దేవుడి ఇంటికి కప్పు లేదా అని తాను వెక్కిరించేవాడు.

విబియస్ పిండి చేతులతోనే మెట్లు దిగి ఆ పెద్దాయన దగ్గరికి పరుగెత్తాడు. సంఘపెద్ద చెప్పులు కుట్టుకునే ముసలాయన. చేతిలో పని ఆపి విన్నాడు.

"రాయించింది నేనండీ. దాన్ని అడగను కూడా లేదు. అడిగితే వద్దంటుందని."

"ఈ మాట బయటికి పొక్కితే నీ మెడకే చుట్టుకుంటుంది."

"చుట్టుకోనివ్వండి. ఆ ముక్క ఇప్పించండి."

పెద్దాయన లేచాడు. "ఏడాది పాటు వానలో నిలబెట్టింది నేను," అన్నాడు. తెల్లటి గుడ్డలో రొట్టెముక్క చుట్టుకుని, కుంటుకుంటూ వెంట వచ్చాడు. మెట్ల దగ్గర విబియస్ ఆయన్ని వీపు మీద ఎక్కించుకున్నాడు.

పైకి చేరేసరికి దోనాత అవ్వ ప్రోకుల కనురెప్పలు మూస్తోంది.

"పెదవులకైనా తాకించండి," అని బతిమాలాడు విబియస్.

"పోయినవాళ్ళకి పెట్టకూడదు నాయనా." పెద్దాయన గుడ్డ మళ్ళీ ముడేశాడు. "పాతిపెట్టేది మాత్రం మావాళ్ళ మధ్యనే. ప్రార్థనలో ఆమె పేరు లోపలివాళ్ళ పేర్లతోబాటే చదువుతాను."

విబియస్ అవ్వ వైపు తిరిగాడు. "నేనెక్కడికెళ్ళానో దానికి తెలుసా?"

"చెప్పాను."

"ఏమంది?"

"ఎందుకెళ్ళాడు, ఆయన్ని పట్టుకుంటారేమో అంది. ఆపైన మాట్లాడలేదు."

కడగడానికి నీళ్ళు కావాలంది అవ్వ. విబియస్ కుండ తీసుకుని మెట్లు దిగాడు.