ముతకపొడి

బంగారు బిళ్ళని తడిబట్ట మీద ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ పాలిష్ బాబాయ్ నూట పన్నెండు దాకా లెక్కపెట్టాడు, ఆవలించాడు, లెక్క తప్పాడు. ఛీ, మళ్ళీ మొదటికొచ్చింది! కుడి బొటనవేలు ఏనాడో చదునైపోయింది. భుజం ఒకవైపుకి వాలింది. బస్సులో కునుకు తీసినా మోకాలి మీద చెయ్యి ఎనిమిదులు దిద్దుతూనే ఉంటుంది.

ఆ బిళ్ళ చొక్కా గుండీ కన్నా చిన్నది, ప్లాస్టిక్ కడ్డీ కొసకి అతికి ఉంటుంది. దాన్ని క్షారద్రావణంలో ముంచి, స్పిరిట్ జాతి ద్రవం నాలుగు చుక్కలు కలిపి కరెంటు పెడితే, ఆ ద్రవం బంగారం మీద ఆక్సీకరణం చెందుతుంది. ఎంత చెందితే కంప్యూటరు తెర మీద గీత అంత పైకి లేస్తుంది. ముప్పై నాలుగేళ్ళుగా ఈ ప్రయోగశాలలో జరుగుతున్న భాగోతమంతా ఇదే. బిళ్ళని ముందు ముతకపొడితో రుద్దాలి, తర్వాత సన్నపొడితో. గరుకు మిగిలిందా, ద్రవానికి తగిలే బంగారం పెరిగి గీత అబద్ధమాడుతుంది. ఈ ముక్క ఆయనకి పెద్దసారు నేర్పలేదు. సారు మీసాలు సరిగ్గా మొలవని విద్యార్థిగా వచ్చినప్పుడు ఆయనే సారుకి నేర్పాడు.

బాబాయ్‌కి ఉద్యోగ విరమణ అయి రెండేళ్ళయింది. సారు ఏటా పైవాళ్ళకి ఒక ఉత్తరం రాసి ఆయన్ని కొనసాగిస్తున్నాడు. ఇంట్లో భార్య పోరు వేరే. "గోడ మీద క్యాలెండరు కనబడదు గానీ బంగారానికి మెరుగు పెడతారట!" అని సాధించి సాధించి కళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. కొత్త కళ్ళజోడు నిన్ననే వచ్చింది. ముక్కు మీద బరువుగా ఉందని ఆయన ఇంకా జేబులోనే ఉంచాడు.

"బాబాయ్, ఇదే ఆఖరి బిళ్ళ," అంది పొడుగమ్మాయి, తలుపు దగ్గర నిలబడి. ఆ పిల్ల నాలుగేళ్ళుగా ఇక్కడే పరిశోధన చేస్తోంది. ఈ ఎనిమిది నెలల్లో ఆమె గీత ఎవరికీ రానంత ఎత్తుకి, పావు వంతు పైకి లేచింది. "ఐదింటికి వ్యాసం పంపేస్తున్నాం. అది అచ్చయితే నా డిగ్రీ చేతికొచ్చినట్టే. ఇక నా పోరు పడక్కర్లేదు మీకు."

"పోవే, నువ్వు లేకపోతే తోచదు నాకు," అన్నాడాయన.

ఆ మాట మీదే, సరదాకి, కళ్ళజోడు పెట్టుకుని సన్నపొడి సీసా అందుకున్నాడు. చీటీ మీద రేణువుల కొలత: చుక్క, ఆ పక్కన ఐదు. చుక్కకీ ఐదుకీ మధ్య ఉండాల్సిన సున్నా లేదు. ముతకపొడి అనుకున్న రెండో సీసా తీశాడు. సున్నా అక్కడుంది. పాత సీసాలకి మూతల రంగులు వేరు. ఎనిమిది నెలల కిందట వచ్చిన కొత్తవాటికి రెండింటికీ తెల్లమూతలే. అంటే ఇన్నాళ్ళూ సన్నపొడితో మొదలుపెట్టి ముతకపొడితో ముగించాడన్నమాట. బిళ్ళని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు. అద్దమనుకున్న దాని నిండా గీతలు.

వెళ్ళి మెట్ల మీద కూలబడ్డాడు. చెప్పకపోతే ఎవరు చూడొచ్చారు? ఆ పిల్లకి డిగ్రీ, తనకి ఇంకో ఏడాది ఉత్తరం. చెబితే ఇద్దరి నోట్లోనూ మట్టే. ఏ ఊళ్ళోనో ఇంకో ముసలాడు బిళ్ళని సరిగ్గా రుద్దుతాడు, అక్కడ గీత ఇంత ఎత్తు లేవదు. అప్పుడు జనం ఈ పిల్లని దొంగ అంటారు. మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

ఈసారి సరైన పొడితో ఐదువందలసార్లు తిప్పాడు. కడిగి, ఆమె ముందు పెట్టాడు.

"దీంతో ఒకసారి చూడమ్మా."

గీత లేచింది, రోజూ ఆగే చోటుకి చాలా కిందే ఆగిపోయింది.

"అయ్యో, బిళ్ళ చెడిపోయిందా?"

"ఇప్పుడే బాగుపడింది. ఎనిమిది నెలలుగా చెడగొట్టింది నేను." సీసాలు చూపించి జరిగింది చెప్పాడు.

ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. "కళ్ళు కనబడట్లేదని ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయింది బాబాయ్?"

"ఇంటికి పంపేస్తారని భయపడ్డానమ్మా."

ఆమె బల్ల మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చింది. తల నిమరడానికి ఆయనకి చెయ్యి రాలేదు. సారు వచ్చి రెండు గీతలూ పక్కపక్కన చూశాడు. బాబాయ్ భుజం మీద చెయ్యి వేసి, "ఈ వయసులో ఇంత శ్రమ మీకెందుకండీ, హాయిగా ఇంటిపట్టున ఉండండి," అన్నాడు.

"అలాగే సార్."

ఐదయింది. వ్యాసం వెళ్ళలేదు. ఆయన చేతులు కడుక్కుని, ఖాళీ టిఫిన్ డబ్బా సంచీలో వేసుకుని, గుమ్మం దగ్గర కాసేపు ఆగాడు. ఆమె తలెత్తలేదు. వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున పొడుగమ్మాయి మొదటి ప్రయోగం నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. బిళ్ళ రుద్దేవాళ్ళు లేరు, తానే కూర్చుంది. బాబాయ్ మీద కోపం ఇంకా చల్లారలేదు. తెర వైపు చూస్తూనే చెయ్యి చాపి సీసా అందుకుంది, వేళ్ళకి ఏదో తగిలి ఆగింది. ముతకపొడి సీసా మెడకి, కళ్ళు మూసుకుని తడిమినా తెలిసేలా, బాబాయ్ చేతిరుమాలు అంచు చింపిన పీలిక రెండు ముళ్ళు వేసి బిగించి ఉంది.