జలపాతం హోరులో గురక మాట

జలపాతం చూడటానికి పొద్దున్నే అందరూ హుషారుగా పార్కుకు బయలుదేరారు గానీ, ఇల్లాలు మాత్రం మూతి ముడుచుకునే నడిచింది. రాత్రి భోజనాల దగ్గర భర్త వాళ్ళక్కతో, "దీని గురకకి నాకు నిద్ర పట్టట్లేదక్కా" అని నవ్వుతూ చెప్పేశాడు. గురక పెట్టేది ఆయన. ఆ సంగతి ఆయన నోటితోనే చెప్పించాలని ఆవిడ పట్టు.

జలపాతం ముందు తుంపర్లలో తడుస్తూ, ఆ హోరులో ఇంకెవరికీ వినపడదన్న ధైర్యంతో ఆయన, "సరేలేవే, గురక నాదే" అని గొణిగాడు.

ఆవిడకు శుభ్రంగా వినపడింది. "ఏంటండీ? నీళ్ళ మోత!" అంటూ వెనక్కి నడిచింది.

ఆయన గొంతు పెంచాడు. ఆవిడ "ఊహూఁ" అంటూ తడి మెట్లెక్కి, పెద్ద బండ చాటుకు తిరిగింది. అక్కడ హోరు తలుపేసినట్టు ఆగిపోతుందని వచ్చేటప్పుడే గమనించింది. ఆ చాటున బెంచీ మీద ఆడపడుచూ, వాళ్ళాయనా ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుంటున్నారు.

వెనకాలే వచ్చిన ఆయన అదే ఊపులో, "గురక పెట్టేది నేనే తల్లీ!" అని గావుకేక పెట్టాడు.

చెట్టు మీది పిట్టలు ఎగిరిపోయాయి.

"మాకు తెలీదేంట్రా? చిన్నప్పుడు నీ గురక పడలేకే కదా నేను వంటింట్లో పడుకునేదాన్ని!" అంది వాళ్ళక్క.

ఇల్లాలు ఆయనకు కాఫీ అందిస్తూ, "ఇప్పుడు వినపడిందండీ" అంది.