నీళ్ళలో పాస్‌పోర్టు ఫోటో

ముందే చెబుతున్నాను, నాకు కోపం ఎక్కువ. ఆ మాత్రం కోపం లేని ఫోటోగ్రాఫరుకు పెళ్ళిలో నలభైమంది ఒక ఫ్రేములో నిలబడరు. పెనుకొండలో స్టూడియో పెట్టి ఈ సంగతి జరిగేనాటికి పద్దెనిమిదేళ్ళు. "కదలొద్దు! కళ్ళు మూయొద్దు!" అని నేనొక్క కేక వేస్తే, ఎదురుగా బస్టాండులో కండక్టర్లు కూడా చొక్కా సర్దుకునేవాళ్ళు.

అలాంటి నాకు తలవంపులు తెచ్చింది మా అమ్మ ఖాతూన్‌బీ. ఏ ఫోటోలో చూసినా ఆమె కళ్ళు మూసుకునే ఉంటుంది. చెల్లెలి పెళ్ళి ఆల్బంలో మూసుకుంది. రేషన్ కార్డుకు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి తీస్తే, అందరం మేలుకొని ఉన్నాం, ఆమె ఒక్కతే నిద్రపోతోంది. అన్నీ నేను తీసినవే, ఖర్మ!

రెండువేల ఐదులో అమ్మకు హజ్‌కు పోయే భాగ్యం కలిగింది. కువైట్ నుంచి వచ్చిన మా మేనమామ షాబాజ్ ఆమెకు తోడు. మామ కాగితాలన్నీ తయారు. అమ్మ పాస్‌పోర్టుకు ఫోటో ఒక్కటే తక్కువ. హిందూపురంలో అప్లికేషన్లు నింపే ఇంతియాజ్ తెగేసి చెప్పాడు: "శుక్రవారం లోపల కళ్ళు తెరిచిన ఫోటో తేకపోతే ఈ ఏటికి ఆశ వదులుకో భాయ్."

రెండు రోజుల్లో రీలున్నర తగలేశాను. అన్నిట్లోనూ మూసిన కళ్ళే. అమ్మ స్టూడియో స్టూలు మీదే ఏడ్చింది.

"అల్లా ఇంటికి పోయేదానికి నా కళ్ళే నాకు అడ్డమొస్తాండాయి కదరా."

ఓదార్చాలనే అనుకున్నాను. కానీ నోట్లోంచి వచ్చింది మాత్రం అరుపే. "ఒక్క క్షణం తెరిచి పెట్టుకోడానికి ఏం నొప్పి నీకు?"

అప్పుడు మామ తన పెట్టెలోంచి ఒక బుడ్డ కెమెరా తీశాడు. సబ్బుపెట్టె అంత ఉంది. రీలు వేసి, గడియారంలా మణికట్టుకు కట్టుకోవాలి. నీళ్ళలో మునిగినా దానికేమీ కాదట.

"అక్క నీళ్ళలో కండ్లు తెరుచుకోనే ఉంటాది గదప్పా," అన్నాడు మామ.

అది నిజమే. నారాయణప్ప తోట బావిలో సగం ఊరికి ఈత నేర్పింది మా అమ్మే. కళ్ళు మూసుకుని మునిగినవాడికి మొట్టికాయ వేసేది. నాక్కూడా నేర్పింది. నాకు పూర్తిగా రాలేదు, అది వేరే సంగతి.

బుధవారం పొద్దున్నే బావి దగ్గరికి పోయాం. పాస్‌పోర్టుకు వెనక తెల్లగా ఉండాలి కాబట్టి, తెల్ల దుప్పటి అంచులకు రాళ్ళు కట్టి నీళ్ళలోకి వేలాడదీశాను. నారాయణప్ప మోటారు ఆపి మరీ వచ్చాడు.

"ఏమప్పా మున్వరూ, బావికి పరదా కడతాండావు? లోపల పెండ్లా ఏమి?"

నేను పట్టించుకోలేదు. మా స్టూడియోలో పద్ధతి ఒకటుంది. మొహానికి పౌడరు కొట్టకుండా ఎవరినీ కెమెరా ముందు కూర్చోనివ్వను. డబ్బా వెంట తెచ్చాను.

"నీళ్ళలోకి పౌడరెందుకురా?" అంది అమ్మ.

"ఫోటోగ్రాఫరు నువ్వా నేనా?" అని దట్టంగా పూశాను. లోపల మాటలుండవు కదా, రెండు వేళ్ళు ఎత్తితే ఫోటో తీస్తున్నట్టు గుర్తు అని చెప్పాను.

అమ్మ మునిగి, మెట్టు పట్టుకుని తీరిగ్గా కూర్చుంది. నేను మునిగాను, తేలాను. మళ్ళీ మునిగాను, మళ్ళీ తేలాను. చివరికి ఆమే నా నిక్కరు పట్టుకుని కిందికి లాగింది. అప్పటికి పౌడరంతా కరిగి బావి మజ్జిగైంది. ఆపైన దుప్పటి వచ్చి నన్నే చుట్టుకుంది. నారాయణప్ప గట్టుమీద కూలబడి నవ్వుతూనే ఉన్నాడు. ఎలాగో రీలు అయిపోగొట్టాను.

గురువారం హిందూపురం ల్యాబులో ప్రింట్లు చేతికొచ్చాయి. తొమ్మిదింట్లో తెల్లటి మబ్బు. ఆరింట్లో నా కాళ్ళు. ఐదింట్లో దుప్పటి. మిగిలిన నాలుగింట్లో అమ్మ! కళ్ళు రెండూ విప్పార్చుకుని, నిమ్మళంగా నన్నే చూస్తోంది. ల్యాబులోనే గంతులేశాను.

ఇంతియాజ్ మాత్రం ఫోటోను అటూ ఇటూ తిప్పాడు. బూరెల్లా ఉబ్బిన బుగ్గలు, ముక్కులోంచి బుడగలు, తలపైన గొడుగులా లేచిన కొంగు.

"మున్వర్‌భాయ్, అమ్మ మక్కాకు విమానంలో పోతాదా, ఈదుకుంటా పోతాదా? రేపు సాయంత్రం వరకే టైము."

ఇంటికొచ్చి ఆ ఫోటో అమ్మ ముందు పడేసి, ఇల్లెగిరిపోయేలా అరిచాను. అమ్మ దాన్ని చాలాసేపు చూసుకుంది.

"నా కండ్లు బాగానే ఉండాయే," అంది. తర్వాత మెల్లగా, "నీళ్ళలో నువ్వు అరవలేదు గదరా," అంది.

"అయితే?"

"కళ్ళు మూయొద్దని నువ్వు కేకేస్తానే నా గుండె ఝల్లుమంటాది. అవే మూసుకుంటాయి. ఎన్నో ఏండ్లుగా చెప్పాలనుకుంటాండా. నువ్వు యాడ చెప్పనిస్తావు?"

మామ దగ్గుతూ బయటికి పోయాడు. పద్దెనిమిదేళ్ళు ఆమె కళ్ళు మూయించింది నేను, అందుకు ఆమెనే తిట్టిందీ నేనే. సిగ్గుతో ఆ రాత్రి అన్నం సహించలేదు.

శుక్రవారం పొద్దున అమ్మను స్టూలు మీద కూర్చోబెట్టాను. పౌడరు జోలికి పోలేదు. పెదవులు బిగబట్టి రెండు వేళ్ళు ఎత్తాను. ఆమె వెంటనే ఊపిరి బిగించి బుగ్గలు ఉబ్బించింది! గొంతు దాకా వచ్చిన కేకను మింగేశాను. నిలబడి చూస్తూ ఉన్నాను. కాసేపటికి ఆమె ఊపిరి వదిలి, వీడికి ఏమైందా అన్నట్టు నా వైపు చూసింది. నొక్కాను.

ఇంతియాజ్ ఆ ఫోటోకు ఒక్క వంక పెట్టలేదు.

అమ్మ బయలుదేరిన రోజు బస్టాండుకు ఊరు ఊరంతా వచ్చింది. కిటికీ దగ్గర అమ్మ, కింద నేను. నా కెమెరా నారాయణప్ప చేతిలో ఉంది. మాత్రలు వేళకు వేసుకో, మామ చెయ్యి వదలొద్దు, జాగ్రత్తమ్మా అని ఎన్నో చెప్పాలనుకున్నాను. చివరికి రెండు వేళ్ళు ఎత్తాను. అమ్మ బుగ్గలు ఉబ్బించి నా వైపే చూసింది. బస్సు కదిలింది.

నారాయణప్ప తీసిన ఆ ఫోటో ఇప్పటికీ నా స్టూడియో షోకేసులో ఉంది. అందులో అమ్మ కళ్ళు తెరిచే ఉన్నాయి. మూసుకున్నది నేను.